చింతగింజలతో లెక్క



పాప ఒక లెక్క తెచ్చింది. "అక్క దగ్గర 12 గాజులున్నాయి. అవి చెల్లి గాజుల కన్నా 4 ఎక్కువ. చెల్లి దగ్గర ఎన్ని?"

'ఎక్కువ' అన్న మాట చూసి పాప కూడేసింది. 16 అని రాసింది. తప్పని కొడితే ఏమొస్తుంది? లెక్కలంటే భయం పట్టుకుంటుంది. రేపు బడికి పోనంటుంది.

మరి తల్లి ఏం చేయాలి? లెక్క మళ్లీ చదివించాలి. "గాజులు ఎవరికి ఎక్కువ?" అని అడగాలి. "అక్కకు" అంటుంది పాప. 12 చింతగింజలు పెట్టించాలి. అవి అక్క గాజులు. ఎక్కువున్న 4 పక్కకు తీయించాలి. మిగిలినవి 8. చెల్లికీ అన్నే గాజులు. 8కి 4 కలిపితే 12. సరిపోయింది!

జవాబు పాపే చెప్పాలి. తల్లి తొందరపడకూడదు.

"నాకేం లెక్కలొచ్చు?" అనుకోకండి. సంతలో చిల్లర లెక్క తప్పని తల్లికి ఇదెంత పని!