రెండు పేర్ల పాటగాడు



రాప్ అంటే అమెరికా నల్లోళ్ల వీధుల్లో పుట్టిన పాట. దరువు మీద మాట ఉరుకుతది. నేను చెప్పబోయే బిగ్ క్రిట్‌ది మిసిసిపీ, మెరీడియన్ పట్నం. ఓటు హక్కు కోసం తిరిగి 1964లో హత్యకు గురైన జేమ్స్ చేనీదీ ఆ ఊరే.

సొంతంగా దరువు కట్టి, పాటలు ఉచితంగా పంచి పేరు తెచ్చుకున్నాడు. డెఫ్ జామ్ అనే పెద్ద కంపెనీ పిలిస్తే పోయాడు, 2016లో బయటికొచ్చాడు. 2017లో తన సొంత లేబుల్ మీద ‘ఫరెవర్ ఈజ్ ఎ మైటీ లాంగ్ టైమ్’ అని జంట ఆల్బం తెచ్చాడు. మొదటి సగానికి పాటగాడి పేరే పెట్టాడు. రెండో సగానికి పుట్టినప్పటి పేరు, జస్టిన్ స్కాట్.

మొదటి దాంట్లో కార్లు, హుషారు. సరే, ఉండనీ. నన్ను పట్టుకున్నది రెండోది. తాగుడు, పేరొచ్చినంక మీదపడ్డ దిగులు, అన్నీ దాచకుండా చెప్పుకుంటడు. వెనక చర్చి పాటల జీర వినబడతది.

నన్ను దొర పిలిచిన పేరు వేరు, మా అమ్మ పిలిచిన పేరు వేరు. దొర మీద పాటలు చాలా కట్టిన. మీటింగుల్లో గొంతు చించుకుని, ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడని రాత్రుల మీద ఒక్కటి కట్టలేదు. అమ్మ పిలిచిన పేరుతో ఏం పాడాలో ఇంకా తెల్వదు.

భోజనాలైనంక ఫోన్‌లో వినిపిస్త, కూర్చోండి.