సూతికా శిశు పరిచర్య
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. చిరకాలము పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన వారమగుటచే మేము ఏ కావ్యమునో యెత్తుకొందుమని వారు తలచి యుందురు. మేము మాత్రము నేడు పురిటింటిని గూర్చి మాటలాడ నిశ్చయించుకొంటిమి. ఇది సభలలో జెప్పదగిన మాట కాదని కొందఱు పెద్దలకు దోపవచ్చును. కాని ప్రతి సంవత్సరము కులాభివృద్ధి యనుచు దీర్మానములు చేయుచు, ఆ యభివృద్ధి మొదలగు గది తలుపును మాత్రము మనము మూసియే యుంచుచున్నాము. అందుచే సభవారు మన్నింతురుగాక.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి యా నాలుగు. పరిచారకునకు మరల నాలుగు గుణములు విధింపబడినవి: ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము. మనము ఆసుపత్రికి బోయినపుడు వైద్యుని పేరు విచారింతుము, మందు వెల విచారింతుము. రాత్రి యెల్ల మేల్కొని చూచిన నర్సు పేరడిగిన వారు మనలో నెందఱు? కావున ఆ నాలుగు గుణములనే త్రోవగా గొని మా మనవి విన్నవించెదము.

మొదట శౌచము. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలయందు సెమ్మెల్‌వైస్ అను వైద్యు డొక వింతను గనిపెట్టెను. వైద్యవిద్యార్థులు పురుడు పోయు విభాగమున సూతికాజ్వరముచే మరణించు తల్లులు, మంత్రసానులు పోయు విభాగమున గంటె జాల నధికముగ నుండిరి. విద్యార్థులు శవములను గోసిన చేతులతోనే ప్రసూతిగదికి వచ్చుచుండిరి. క్లోరినుకలిపిన సున్నపు నీట చేతులు గడిగి గాని లోనికి రారాదని యాతడు శాసించెను. 1846లో నూటికి 11 మందికి పైగా మరణించిన యా విభాగమున 1848లో నా సంఖ్య నూటికి రెండింటికి లోపునకు దిగెను. చేతులు గడుగుకొనుట యను నింత చిన్న పనికి అంత ఫలము!

మన యిండ్ల సంగతి చెప్పెదము. మా తల్లిగారికి మాకు ముందు గలిగిన యిరువురు శిశువులు పది దినములు నిండక మునుపే దవడలు బిగిసి, ఒడలు విల్లువలె వంగి గతించిరి. గ్రహదోషమనిరి, శాంతులు జేయించిరి. బొడ్డు గోసిన కొడవలి నెవ్వరు ననుమానింపలేదు. అది ధనుర్వాతము. గర్భిణికి టీకా వేయుట, కాచిన పనిముట్లతో బొడ్డు గోయుట, కాన్పు ఆసుపత్రికి మారుట యను వీనివలన నా వ్యాధి క్రమముగా దగ్గి, 2015లో మన దేశము తల్లీబిడ్డల ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా గుర్తింపబడెను. ఇప్పటికిని బొడ్డుపై బూడిదయు, పసుపును, నూనెయు బెట్టువారు కలరు. ఏమియు బెట్టక పొడిగా విడిచిన జాలును.

రెండవది ఉపచారజ్ఞత, అనగా నేది చేయవలయునో యెఱుంగుట. బాలింతను, బిడ్డను గాలి వెలుతురు లేని గదిలో మూయుట పూర్వాచారమని మనవా రందురు. కాని చరకుడు కుమారాగారమును వర్ణించుచు అది చీకటి లేనిదిగా, ఎదురుగాలి లేక యొక ప్రక్క గాలి యాడునదిగా నుండవలెననియు, పక్కబట్టలు మెత్తనివై శుచిగా నుండవలెననియు, మలినమైన వానిని చక్కగా నుతికి, ధూపము వేసి, ఆరబెట్టి గాని తిరిగి వాడరాదనియు విధించెను. కావున చీకటిగది మన యలవాటే గాని శాస్త్రము గాదు.

అట్లని పూర్వులు చెప్పిన దెల్ల సరియని మేము వాదింపము. సుశ్రుతసంహితలో తల్లికి మూడవ నాల్గవ రాత్రి గాని పాలు ప్రవర్తింపవని చెప్పి, అంతవఱకు బిడ్డకు తేనెయు నేయియు నాకింపుమని యున్నది. సంస్కృతము చదివిన వారము గనుకనే యీ మాట చెప్పుట మా విధి: ఈ విషయమున నేటి శాస్త్రమే యనుసరణీయము. కాన్పయిన గంటలోపల బిడ్డను రొమ్మున బెట్టవలయును. మనము పిండి పాఱబోయు ముఱ్ఱుపాలే బిడ్డకు మొదటి రక్ష. ఆఱు నెలలు తల్లిపాలు తప్ప మంచినీరైనను వలదు. ఏడాది నిండువఱకు తేనె తగదు. దానియందు గల యొక సూక్ష్మజీవి పసిబిడ్డ కండరములను జచ్చుపడజేయగలదు. పుట్టిన వెంటనే స్నానము చేయింపక ఒక దినమైన నాగవలెను. ఇక పథ్యము పేరిట బాలింతను మాడ్చుట. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనలని తేలినది. అట్టి తల్లికి కాన్పయిన వెనుక కారపుపొడియు నన్నమును బెట్టి, పప్పు, ఆకుకూర, పాలు నిషేధించుట ధర్మమా?

మూడవది దాక్ష్యము. పుట్టిన బిడ్డ యేడువకున్న, ఒడలు తుడిచి వీపు నిమిరి, అప్పటికిని శ్వాస రానిచో మొదటి నిమిషములోనే సంచియు మాస్కును బట్టి గాలి యూదవలయును. ఆ నిమిషమున వైద్యుని కొఱకు పరుగిడుటకు దీరిక యుండదు. దగ్గఱ నున్న నర్సు చేతిలోనే ప్రాణమున్నది. ఇంటికి వచ్చిన పిదప బిడ్డ పాలు మానినను, ఒడలు చల్లబడినను కాగినను, నిమిషమునకు 60 సార్లు గాని యంతకు మించి గాని యూపిరి తీసినను, డొక్క లెగురవేసినను, అరచేతులు అరికాళ్లు పచ్చబడినను క్షణ మాగరాదు. తల్లికి రక్తస్రావము హెచ్చినను, జ్వరము వచ్చినను, తలనొప్పితో చూపు మసకబాఱినను అంతియే.

ఈ దాక్ష్యము పెద్ద చదువుల సొత్తు మాత్రమే కాదు. మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాయందు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి స్త్రీలకు శిక్షణ యిచ్చి యింటింట నవజాత శిశువులను జూపించిరి. నెల నిండని శిశువుల మరణములు నూటికి 62 వంతులు తగ్గెనని 1999లో లాన్సెట్ పత్రికలో బ్రకటించిరి. అట్టి పద్ధతియే 2011 నుండి ఆశా కార్యకర్తల పనిలో జేరినది. ఆసుపత్రిలో బుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో నామె వచ్చి చూడవలయును. ఆమె వాకిట నిలిచినపుడు మైలయనియు, కులమనియు వెనుకకు బంపకుడు.

నాల్గవది అనురాగము. ఇచట మా తప్పిద మొకటి చెప్పుకొనవలసి యున్నది. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మన కులపు బాలిక యొకతె మా తరగతిలో జదువుచు, నర్సు విద్యకు బోయెదనని తండ్రితో బట్టుపట్టెను. అతడు మా సలహా యడుగ వచ్చెను. "ఒరుల మలమూత్రము లెత్తు పని మన యింటి పిల్లకేల?" అని మేము చెప్పితిమి. తండ్రి మా మాట విని మాన్పించెను.

కొన్ని యేండ్ల క్రిందట మా కుమార్తెకు నెలలు నిండక 1400 గ్రాముల శిశువు పుట్టెను. ప్రభుత్వాసుపత్రిలోని నవజాత శిశు విభాగమున నొక నర్సు ఆ బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు జర్మము తగులునట్లు గట్టి కూర్చుండబెట్టెను. ఇది 1970ల చివర కొలంబియా దేశపు బొగోటాయందు మొదలైన పద్ధతి. తల్లి యొడలి వేడియే బిడ్డకు పెట్టె. ఇట్టి చిన్న శిశువులకు పుట్టిన వెంటనే దీనిని మొదలిడినచో మరణములు నాల్గవ వంతు తగ్గునని, మన దేశము నుండి ఢిల్లీ ఆసుపత్రియు జేరిన 2021 నాటి పరిశోధన తేల్చినది. ఆ నర్సు ఇరువది నాలుగు దినములు బిడ్డకు చెంచాతో బాలు పట్టెను. ఒకనాటి రాత్రి బిడ్డ మలినపఱచిన గుడ్డను దన చేతులతో మార్చుచు "తాతగారూ, మీ మనుమరాలికి అరుగుదల వచ్చిందండీ" అని నవ్వెను. మా నోటి మాటయే మాకు జ్ఞప్తికి వచ్చి తల వంచుకొంటిమి. నాటి బాలిక నేడెచ్చట నున్నదో మేమెఱుగము. ఆమెకు జెప్పవలసిన క్షమాపణమును ఈ సభయెదుట జెప్పుచున్నాము.

దేశము ముందునకు వచ్చినది. లక్ష కాన్పులకు మరణించు తల్లులు 2004–06లో 254 మంది కాగా, 2018–20లో 97 మంది. ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. కాని 2019–21 సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60 కాన్పులకు పైగా కోత కాన్పులే, ఆంధ్రప్రదేశమున 42. ప్రాణాపాయమున కోత వరమే. కాని సహజముగా బ్రసవింపగల తల్లికి ముహూర్తము పెట్టించి కోయించుట మనవారిలో వాడుకయగుచున్నది. కోతకు ముహూర్తము విధించిన శాస్త్రమును మేము చదివి యుండలేదు. నొప్పులు పడు తల్లి ప్రక్క గంటల తరబడి నిలిచి ధైర్యము చెప్పు శిక్షితురాలైన మంత్రసాని యున్నచో ననేక కోతలు తప్పును. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నర్సులకు అట్టి శిక్షణ మొదలిడినది.

పోషకులారా! 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లర్, పరదేశస్థురాలయ్యు 1898లో అచ్చట స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి తెఱపించెను. తన పరిచారిక ప్రసవమున మరణింపగా దుఃఖించిన నీలోఫర్ రాకుమారి పేర 1953లో హైదరాబాదున ఆసుపత్రి వెలసెను. మేము మిమ్ము నాసుపత్రి కట్టింపుడని యడుగుట లేదు. మూడు మనవులు మాత్రము చేయుచున్నాము.

ఒకటి: ఏటేట మన కులమున బేదింటి బాలికల నిద్దఱిని నర్సు విద్యకు బంపి, చదువు ముగియువఱకు వ్యయమును సంఘము భరింపవలయును. రెండు: పిల్ల నర్సు అని, రాత్రి పనియని సంబంధములు తిరుగగొట్టుట మానవలయును. మూడు: ముఱ్ఱుపాలు పాఱబోయుట, బాలింతను మాడ్చుట, కోతకు ముహూర్తము బెట్టుట అను మూడింటిని మన యిండ్ల నుండి తొలగింపవలయును. మొదటిదానికి మా పింఛను నుండి ఒక నెల మొత్తమును నేడే కోశాధికారిగారి కొప్పగించితిమి. మిగిలిన రెండింటికి రూక యక్కఱలేదు, మనస్సు చాలును.

వచ్చే మహాసభకు ఆ బాలికల పేర్లు వేదికపై జదువబడునుగాక. స్వస్తి.