ఏం వేశారమ్మా?

 

ఈరోజు పట్టా అందుకుంటున్న యువ దంతవైద్యులారా, నేను ఒక్క ప్రశ్న గురించి మాట్లాడి ముగిస్తాను. పంటినొప్పితో వచ్చిన ప్రతి పిల్లవాడి తల్లినీ మీరు నోరు తెరిపించే ముందే అడగాల్సిన ప్రశ్న అది: “ఇంతవరకూ ఏం వేశారమ్మా?”

పిల్లల పంటినొప్పి ఎక్కువగా రాత్రిపూటే తిరగబెడుతుంది. పడుకోగానే వాచిన పంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. అర్ధరాత్రి ఏ ఊళ్ళో ఏ దంతవైద్యుడు దొరుకుతాడు? అందుకే అల్మారా తెరుస్తారు. పోయినసారి జ్వరానికి రాసిన సిరప్‌లో మిగిలిన సగం సీసా, నాన్నగారి మాత్రలో సగం ముక్క, దూదిలో లవంగనూనె. తెల్లారాక మెడికల్ షాపుకెళ్ళి “పిల్లాడికి పన్ను నొప్పండీ” అంటే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మందు చేతికొస్తాయి. చీటీ లేకుండా అమ్మకూడదని అట్ట మీద ఎర్రగీత ఉన్నా, చీటీ అడిగే షాపులు తక్కువే.

వీటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది, అందరూ ఏమీ కాదనుకునే పారాసెటమాల్. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటుంది, కొన్నిటిలో 250. ఆ డ్రాప్స్‌ను సిరప్ అనుకుని ఒక చెంచా పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పది కిలోల బిడ్డకు ఒక్కసారికి ఇవ్వదగ్గది మహా అయితే 150. నొప్పి తగ్గలేదని రెండు గంటలకే మళ్ళీ పోస్తే కాలేయం ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నొప్పి మందు నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకుండా మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. పెద్దలకని కొన్న మాత్ర ఇంట్లో ఉంటే ఆ నిషేధం ఎవరికి గుర్తుంటుంది? ఆస్పిరిన్ ముక్కను చిగురు మీద పెడితే అక్కడ తెల్లగా కాలిపోతుంది. లవంగనూనె మింగి కాలేయం దెబ్బతిన్న పసివాళ్ళూ ఉన్నారు.

వీటన్నిటికన్నా ప్రమాదం, నొప్పి పోవడం. పిప్పి లోతుకు దిగి పంటిలోని నరం చచ్చిపోతే నొప్పి దానంతటదే ఆగుతుంది. అప్పుడే ఇంట్లో మందు వేసి ఉంటే “మందు పనిచేసింది” అని నమ్ముతారు. రక్తప్రసరణే ఆగిపోయిన పంటిలోకి యాంటీబయాటిక్ వెళ్ళే దారి లేదు. లోపల చీము తన పని తాను చేసుకుపోతుంది, కింద తయారవుతున్న శాశ్వత పన్ను మీద గుంటలు, మచ్చలు పడతాయి. కొన్ని నెలలకు దవడ వాస్తుంది. వాపు నాలుక కిందికి పాకి, బిడ్డ మింగలేక చొంగ కారుస్తుంటే, అది 1836లో లుడ్విగ్ అనే వైద్యుడు వర్ణించిన జబ్బు కావచ్చు. మీ క్లినిక్‌లో ఒక్క నిమిషం కూడా ఆపకండి, ఊపిరి ఆగకుండా చూడగల పెద్దాసుపత్రికి పంపండి.

“పాలపన్నే కదా, ఊడిపోయేదే” అన్న మాట మీరు రోజూ వింటారు. పాల దవడపళ్ళు పది, పదకొండేళ్ళ దాకా ఉంటాయని చెప్పండి. ఆరేళ్ళకు వాటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, శాశ్వత దవడపన్ను వస్తుంది. దాన్ని కూడా పాలపన్ను అనుకుని వదిలేసిన ఇళ్ళెన్నో.

ఇంకొక మాట, ఇది మన వృత్తికే తగిలేది. పంటినొప్పికి ఐదు రోజుల యాంటీబయాటిక్ అన్న పాఠం ఆ తల్లికి నేర్పిందెవరు? మనమే. చికిత్సకు సమయం లేక, ఏడ్చే పిల్లవాడిని పట్టుకోలేక, పంటిని ముట్టకుండా చీటీ రాసి పంపిన ప్రతిసారీ నేర్పాం. ఆ చీటీనే ఆమె దాచుకుని చెల్లెలి కొడుక్కీ వాడుతోంది. కాబట్టి ఆమెను తిట్టే హక్కు మనకు లేదు. తిడితే ఇంకో నష్టం కూడా ఉంది: వచ్చేసారి దాస్తుంది. “ఏమీ వెయ్యలేదండీ” అంటుంది. అది నమ్మి మీరు అదే మందు మళ్ళీ రాస్తారు.

మెల్లగా అడగండి. సీసా తెచ్చి చూపించమనండి, ఎన్నిసార్లు పోశారో, ఏ చెంచాతో పోశారో కనుక్కోండి. బిడ్డను తూకం వేసి ఆ బరువు చీటీ మీద రాయండి, మోతాదు మిల్లీలీటర్లలో తెలుగులో రాయండి. నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ మిగిలితే పారబోయమనండి. రాత్రి తీపి సిరప్ తాగాక నోరు పుక్కిలించమనండి, ఆ చక్కెరే ఇంకో పన్నును పుచ్చిస్తుంది. నొప్పి ఇంకా మొదలవని పిప్పికి డ్రిల్లు లేకుండా పూసే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పన్ను నల్లబడుతుందని ముందే చెప్పి, బడుల్లో, అంగన్‌వాడీల్లో అది వాడండి. చీటీ కింద మీ ఫోన్ నంబరు రాయండి. అర్ధరాత్రి అది మోగితే ఎత్తండి.