పరిశుద్ధ భూమికి మన పల్లెల యాత్ర



యాత్ర యనునది మన ప్రాంతమువారికి క్రొత్త మాట కాదు. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి పోవువారును, తుంగభద్రా తీరమున మంత్రాలయమునకు పోవువారును ఆదోని, ఎమ్మిగనూరు త్రోవలలో ఏటేట కనబడుదురు. క్రైస్తవులలో ఫిబ్రవరి మాసమున విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవమునకు పోవువారు గలరు. అయితే యేసుక్రీస్తు పుట్టి, సంచరించి, సిలువ వేయబడిన దేశమును కన్నులార చూచుట మాత్రము మన కృష్ణగిరివంటి పల్లెలవారికి చిరకాలము కలలోని మాటగానే యుండెను.

ఆ కల కొందరికి చేరువైనది. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యెరూషలేము యాత్రికులకు ధనసహాయము చేయు పథకమును ఆరంభించెను. 2019లో ఆ సహాయమును, సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలకు మించనివారికి 40,000 నుండి 60,000 రూపాయలకును, మించినవారికి 20,000 నుండి 30,000 రూపాయలకును పెంచెను. అయినను విమానపు టిక్కెట్టు, బస, భోజనము, వీసా అన్నియు కలిపినచో ఖర్చు ఇంతకు మించియే యుండును. మిగిలినది యాత్రికుడే భరింపవలెను.

యాత్రికులు సాధారణముగా జట్టుగా, ఒక పాస్టరుగారి పెద్దరికమున పోవుదురు. కొన్ని జట్లు జోర్డాను దేశపు రాజధాని అమ్మానులో దిగి, మోషే వాగ్దాన దేశమును దూరమునుండి చూచెనని చెప్పబడు నెబో కొండ నెక్కి, అటుపిమ్మట యొర్దాను నది దాటుదురు. ఆ నదిని చూచినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. తుంగభద్ర నెరిగిన కన్నులకు అది పిల్లకాలువవలె తోచును. ఎగువనున్న దేశములు సేద్యమునకును, త్రాగుటకును నీటిని మళ్ళించుకొనుటచే 20వ శతాబ్దపు మధ్యకాలము నుండి ప్రవాహము మిక్కిలి సన్నగిల్లినది. అది పోయి కలియు మృత సముద్రము, సముద్రమట్టమునకు సుమారు 430 మీటర్లు దిగువనున్నది. అదియును ఏటికి మీటరు చొప్పున తగ్గిపోవుచున్నది. నీటి కరవు నెరిగిన మనవారికి ఈ దృశ్యము చాల సంగతులు చెప్పును.

బేత్లెహేము అను హెబ్రీ మాటకు రొట్టెల ఇల్లని అర్థము. అటువంటి ఊరిలోనే ఒకప్పుడు కరవు వచ్చి, నయోమి కుటుంబము మోయాబు దేశమునకు వలసపోయినట్లు రూతు గ్రంథము చెప్పుచున్నది. భర్తను, కొడుకులను పోగొట్టుకొని ఆమె తిరిగివచ్చునప్పటికి యవల కోత మొదలైనది. వెంటవచ్చిన కోడలు రూతు పరుల చేలలో పరిగె యేరి అత్తను పోషించెను. వానలు తప్పిన యేడు ఇంటికి తాళము వేసి, పిల్లలతో గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవు మన పశ్చిమ ప్రాంతపు కుటుంబములకు ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు. రాతినేలపై బడిన విత్తనము, కళ్ళములో తూర్పారబట్టు ధాన్యము, తప్పిపోయిన గొఱ్ఱె, లోతు బావి—ఇవన్నియు మన ఇండ్లముందరి సంగతులే. పెద్ద చదువులు లేని యాత్రికుడు సైతము ఆ కొండలను చూచి, ఇది మన సీమవలెనే యున్నదని తలంచుట సహజము.

బేత్లెహేములోని క్రీస్తు జన్మస్థాన దేవాలయము 4వ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి కాలమున వెలసి, 6వ శతాబ్దమున తిరిగి కట్టబడినది. దాని ద్వారము ఎత్తు సుమారు నాలుగడుగులు మాత్రమే. ఎంతవాడైనను తల వంచియే లోనికి పోవలెను. యెరూషలేములో పరిశుద్ధ సమాధి దేవాలయమును గ్రీకు, లాటిన్, ఆర్మీనియను మొదలగు పలు సంఘములవారు పంచుకొనియున్నారు. తలుపు తాళపుచెవిని కాపాడు పనియు, తలుపు తెరచు పనియు శతాబ్దములుగా రెండు ముస్లిము కుటుంబములకు చెందియున్నవి. అదే నగర ప్రాకారములోపల, హేరోదు ద్వారమునకు చేరువలో, 13వ శతాబ్దపు సూఫీ మహనీయుడు బాబా ఫరీదు పేరుతో ముడిపడిన భారతీయ సత్రము కలదు. మన దేశమువారికిని ఆ నగరమునకును గల బంధము నేటిది కాదు.

ఇక యాత్ర తలపెట్టినవారికి రెండు మాటలు. సొమ్ము చెల్లించుటకు ముందే ఏయే ఖర్చులు అందులో చేరియున్నవో వ్రాతమూలకముగా తీసికొనవలెను. ప్రభుత్వ సహాయము మంజూరు కాకముందే వచ్చినట్లుగా లెక్క వేసికొనరాదు. యెరూషలేము వీధులు రాతి మెట్ల వీధులు. వృద్ధులు తమ మోకాళ్ళ బలమును ముందుగా విచారించుకొనుట మంచిది. కాలమును కనిపెట్టుటయు అవసరము. 2020లో కోవిడ్ వ్యాధిచేతను, 2023 అక్టోబరులో మొదలైన యుద్ధముచేతను యాత్రలు నిలిచిపోయినవి. అప్పుడు యాత్రికుల రాకపై జీవించు బేత్లెహేము సత్రములవారును, ఒలీవ కొయ్యతో బొమ్మలు చెక్కు పనివారును బ్రతుకుదెరువు కోల్పోయిరి. మనము చూడబోవు పుణ్యస్థలములు మనుష్యులు కాపురమున్న ఊళ్ళు కూడనని మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఉన్న రెండెకరములు కుదువబెట్టి, బిడ్డ చదువు మాన్పించి చేయు యాత్ర పుణ్యమగునా? క్రైస్తవ ధర్మము యాత్రను విధిగా చెప్పలేదు. యాకోబు బావియొద్ద సమరయ స్త్రీతో మాటలాడుచు క్రీస్తు, దేవుని ఆరాధనకు ఈ కొండయనియు యెరూషలేమనియు నియమము లేని కాలము వచ్చునని తెలిపినట్లు యోహాను సువార్తలో నున్నది. కావున పోగలిగినవారు సంతోషముతో పోయి రావచ్చును. పోలేనివారు తక్కువవారు కారు. సుగ్గినుండి తిరిగివచ్చిన పేదరాలికి తన చేలో నాలుగు పనలు విడిచిపెట్టు రైతు, బేత్లెహేము పొలములో బోయజు చేసిన పనినే తన ఊరిలో చేసినవాడగును.