కళాశాల చదువు: ఖర్చు ఎవరు భరింపవలెను?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో మనము సాధారణముగా రోడ్లు, మురుగుకాలువలు, త్రాగునీరు, వీధిదీపములను గూర్చి మాటలాడుకొందుము. కళాశాల చదువు పంచాయతీ పని కాదని అనేకుల అభిప్రాయము. చట్టమును బట్టి చూచినచో అది కొంతవరకు నిజమే. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు, సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య, వయోజన విద్య, గ్రంథాలయములు ఉన్నవి గాని కళాశాల ప్రసక్తి లేదు. అయినను, ఏటేట కౌన్సెలింగు దినములు వచ్చినప్పుడు ఆదాయ ధ్రువపత్రము కొరకు పరుగెత్తువాడును, అరయెకరము అమ్మకమునకు పెట్టువాడును, వడ్డీవ్యాపారి వాకిట నిలుచువాడును మన వార్డులోని వాడే. అందుచేత ఈ విషయమును మీ యెదుట ఉంచుచున్నాము.

ముందుగా ఒక చిన్న లెక్క. మన పల్లెలలో నూటికి రెండు రూపాయల వడ్డీ సామాన్యము. నెలకు రెండు రూపాయలనగా లక్ష రూపాయల అప్పునకు సంవత్సరమునకు 24,000 రూపాయలు. ఇంజనీరింగు చదువు నాలుగేండ్లు. నాలుగేండ్లకు వడ్డీయే 96,000 రూపాయలు. బిడ్డ పట్టా పుచ్చుకొనునాటికి తండ్రి తెచ్చిన లక్ష ఇంచుమించు రెండు లక్షలగును. కళాశాలకు చెల్లించినది ఒక వంతు, వడ్డీవ్యాపారికి చెల్లించునది మరియొక వంతు. కనుక చదువు ఖర్చు ఎవరు భరింపవలెనను ప్రశ్న పండితులు చర్చించుకొనుటకు మాత్రమే పుట్టినది కాదు. మన ఊరి భూమి ఎవరి చేతిలో నిలుచునన్న ప్రశ్న కూడ అందులో ఇమిడియున్నది.

పూర్వము ఈ ఖర్చు ఎవరు భరించిరి? మొదట సంస్థానాధీశులు, దాతలు భరించిరి. విజయనగరము మహారాజుల కళాశాల అట్లు వెలసినది. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ బరువులో పెద్దభాగము ప్రభుత్వము వహించినది. ప్రభుత్వ కళాశాలలు తెరచినది. ప్రైవేటు కళాశాలల అధ్యాపకులకు గ్రాంటు రూపమున జీతములిచ్చినది. కనుకనే ఆనాటి విద్యార్థి చెల్లించిన రుసుము స్వల్పము. చదువు చౌకయని కాదు, దాని వెల వేరొకరు చెల్లించిరి.

1977లో విజయవాడ సమీపమున వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసినది. తరువాతి కాలమున ప్రభుత్వ గ్రాంటు లేని కళాశాలలు విస్తరించినవి. వీనిలో అధ్యాపకుల జీతములు, ప్రయోగశాలలు, భవనముల అప్పులు అన్నియు విద్యార్థి చెల్లించు రుసుమునుండియే రావలెను. జీతములు, యంత్రముల వెలలు పెరిగిన కొలది రుసుమును పెరుగును. రుసుమునకు తోడు విరాళము పేరిట వసూళ్లు బయలుదేరగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లోనే కాపిటేషన్ రుసుమును నిషేధించు చట్టము చేసినది.

1993లో ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఒక పద్ధతి నేర్పరచినది: ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో సగము సీట్లు ప్రతిభను బట్టి తక్కువ రుసుముతో, తక్కిన సగము ఎక్కువ రుసుముతో ఇవ్వవలెను. అనగా ఒక విద్యార్థి తండ్రి మరియొక విద్యార్థి ఖర్చులో కొంత భరించెను. 2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ తీర్పులో ఈ పద్ధతిని త్రోసివేసినది. కళాశాల తన ఖర్చునకు తగిన రుసుమును, అభివృద్ధికి కొలది మిగులును పొందవచ్చును గాని లాభాపేక్షయు, కాపిటేషన్ రుసుమును తగవని ఆ తీర్పు సారాంశము. ఆ పిమ్మట కళాశాలల లెక్కలు పరిశీలించి రుసుములు నిర్ణయించు సంఘములు ఏర్పడినవి.

మరి పేదవాని మాట? షెడ్యూల్డు కులముల విద్యార్థులకు పదవ తరగతి తరువాతి చదువునకు ఉపకారవేతనములు 1944 నుండియు ఉన్నవి. 2020లో ఈ పథకపు ఖర్చును కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించునట్లు నిర్ణయింపబడినది. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బోధనరుసుమును తానే చెల్లించు పద్ధతిని వెనుకబడిన తరగతులకును, ఇతర పేదకుటుంబములకును విస్తరింపజేసినది. జనులు దీనిని ఫీజు రీయింబర్సుమెంటు అని పిలుచుచున్నారు. దీనివలన కూలివారి బిడ్డలు, నేతపనివారి బిడ్డలు, గొల్లవారి బిడ్డలు వేలకొలది ఇంజనీరింగు కళాశాలల గడప త్రొక్కిరి. ఆ మేలును తక్కువ చేయరాదు.

కాని ప్రతి మేలునకును ఒక నీడ ఉండును. చెల్లించువాడు ప్రభుత్వము, చదువువాడు విద్యార్థి, రుసుము పుచ్చుకొనువాడు కళాశాల యజమాని. ముగ్గురును వేరగుటచే బోధన ఎట్లున్నదని అడుగువాడు కరవయ్యెను. ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలు సుమారు 700 వరకు పెరిగి, తరువాత అనేకము మూతబడినవి. ఖజానాపై భారము పెరుగగా 2012లో, ఎంసెట్‌లో పదివేలకు పైబడిన ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతుల విద్యార్థులకు, కొన్ని మినహాయింపులతో, 35,000 రూపాయల పరిమితి విధింపబడినది. తెలంగాణమున 2022లో నిర్ణయించిన ఇంజనీరింగు రుసుములలో కనిష్ఠము 45,000, గరిష్ఠము 1,60,000 రూపాయలు. 35,000 పోను తక్కినది తండ్రిదే. కనిష్ఠ రుసుము గల చోట ఏటికి పదివేలు. గరిష్ఠ రుసుము గల చోట 1,25,000, నాలుగేండ్లకు అయిదు లక్షలు. ఉచితమని విని చేరినవానికి ఈ లెక్క చేరిన పిదప గాని తెలియుట లేదు.

బకాయిల చిక్కు మరియొకటి. ప్రభుత్వపు సొమ్ము సకాలమున రానిచో కళాశాలలు అధ్యాపకులకు జీతములీయజాలవు. కొన్ని చోట్ల విద్యార్థినే పట్టుకొని పీడించుచున్నవి. 2025 నవంబరులో తెలంగాణమున ప్రైవేటు కళాశాలలు బకాయిల కొరకు బందు పాటించినవి. ఇచ్చెదనన్న మాటను గడువునకు చెల్లించుట కూడ దానములో భాగమేయని ప్రభుత్వములు గుర్తింపవలెను. ఈ మాట ప్రభుత్వ పత్రికలో చెప్పుటకు మేము సంకోచించుట లేదు.

ఇక అసలు ప్రశ్న. ఒక పక్షమువారు, చదివినవానికే లాభము గనుక వాడే చెల్లించవలెనందురు. వారి వాదమున బలమున్నది. కళాశాల మొగము చూడని కూలివాడు సబ్బుబిళ్ల కొన్నను పన్ను కట్టుచున్నాడు. ఆ పన్నుతో చదివి విదేశములలో స్థిరపడినవాడు ఈ కూలివానికి ఏమి ఋణపడియున్నాడు? ఇంకొక పక్షమువారు, చదువు దేశమునకంతకును మేలు గనుక ఖజానాయే అంతయు భరింపవలెనందురు. అందును నిజము కలదు. మన ఆసుపత్రిలో నర్సు, పాఠశాలలో ఉపాధ్యాయుడు, పొలమున వ్యవసాయాధికారి కళాశాలలో చదివినవారే. వారి చదువు ఫలము కూలివాని ఇంటికిని చేరుచున్నది.

రెండు వాదములును కొలచి చూచినచో మాకు తోచినది ఇది. ఖర్చు పంచుకొనవలసినదే, కాని ఎప్పుడు, ఎవరి శక్తిని బట్టి అనుటయే ముఖ్యము. చేరునాడు పేదకుటుంబమును చెల్లించుమనరాదు. ఆనాడు ఖజానా ముందు నిలువవలెను. సంపాదన కలిగిన నాడు, ఆ సంపాదనను బట్టి, చదివినవాడు కొంత తిరిగి ఇయ్యవలెను. ఆస్ట్రేలియా దేశమున 1989 నుండి ఇట్టి పద్ధతి నడచుచున్నది. అచ్చట విద్యార్థి తన వంతు రుసుమును చేరునప్పుడు చెల్లింపనక్కరలేదు. ఆదాయము ఒక హద్దు దాటిన పిదప పన్నుతోపాటు తిరిగి చెల్లించును. ఉద్యోగము దొరకనివానిని ఎవరును వేధింపరు. మన దేశమున ఆదాయపు పన్ను కట్టువారు కొలదిమంది గనుక దీనిని ఉన్నదున్నట్లు దించుకొనుట కష్టము. కాని పంట రాకమునుపే శిస్తు వసూలు చేయరాదన్న న్యాయము మన రైతులకు క్రొత్త కాదు. కళాశాల యజమాని వంతు కూడ ఉన్నది: నిజమైన లెక్క చూపుట, జీతమిచ్చి నిలకడగల అధ్యాపకులను పెట్టుట.

ఇంతవరకు ప్రభుత్వము, విద్యార్థి, కళాశాల చేయవలసినది చెప్పితిమి. పంచాయతీ ఏమి చేయగలదు? ధనము లేకున్నను చేయదగినవి కలవు.

మొదటిది, సీటు తీసికొనకముందే సమాచారము. ఇంజనీరింగు కళాశాలలలో సీట్లు 70 పాళ్లు కన్వీనరు కోటా, 30 పాళ్లు మేనేజిమెంటు కోటా. మేనేజిమెంటు కోటాలో చేరినవానికి ఫీజు రీయింబర్సుమెంటు రాదు. బ్రోకరు మాట నమ్మి చేరి, తరువాత విలపించు తలిదండ్రులు ఏటేట కలరు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనిన ఫలమేమి?

రెండవది, పత్రములు. కుల, ఆదాయ ధ్రువపత్రములు కౌన్సెలింగునకు ముందే సిద్ధముగా నుండవలెను. ఆధారుతో బ్యాంకుఖాతా జతపడినదో లేదో చూచుకొనవలెను. హాజరు 75 పాళ్లకు తగ్గినచో సహాయము ఆగునని బిడ్డలకు చెప్పవలెను.

మూడవది, అప్పు తప్పనిచో బ్యాంకు అప్పు. నాలుగు లక్షల వరకు విద్యాఋణమునకు బ్యాంకులు తనఖా అడుగరాదు. 2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికయైన మేటి విద్యాసంస్థలలో ప్రతిభచే చేరినవారికి తనఖా లేకయే ఋణము లభించును. కుటుంబాదాయము ఎనిమిది లక్షలలోపు ఉన్న అర్హులకు పది లక్షల వరకు ఋణముపై మూడు శాతము వడ్డీ రాయితీ కలదు. ఊరివాడు ఒంటరిగా బ్యాంకునకు పోయిన రేపు రమ్మందురు. వార్డు సభ్యుడు తోడు పోయిన కాగితము కదలును.

నాలుగవది, ధ్రువపత్రముల నిర్బంధము. రుసుము బాకీయున్నదని విద్యార్థుల అసలు పత్రములను కొన్ని కళాశాలలు బిగబట్టుచున్నవి. అసలు పత్రములను తమ వద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఆదేశించినది. ఈ మాట తెలిసిన సర్పంచి వ్రాసిన ఒక్క ఉత్తరము బిడ్డ ఉద్యోగమును కాపాడవచ్చును.

అయిదవది, గ్రంథాలయము. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లించుచునే ఉన్నాము. ఆ గది తాళము తీయించి, ప్రవేశ ప్రకటనలు, రుసుముల పట్టికలు అచ్చట అంటింపుడు. ఊరిలో పట్టా పుచ్చుకొని కొలువులో నున్నవారిని పండుగకు వచ్చినప్పుడు కూర్చుండబెట్టి, క్రింది పిల్లలకు దారి చెప్పింపుడు. ప్రజాధనముతో చదివిన ఋణములో అదియు ఒక వాయిదాయే.

సభ్యులారా! చదువు కొరకు భూమి అమ్ముకొనిన తండ్రిని మనము పొగడుదుము. పొగడ్త చాలదు. ఆ భూమి అమ్మనవసరము లేని మార్గమును ఆ తండ్రికి ముందుగా చెప్పుట మన విధి. వచ్చే గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ విషయమును ఒక అంశముగా చేర్పుడని కోరుచు, ఇంతటితో విరమించుచున్నాము.