పాత మోటారు సైకిలు – క్రొత్త నిప్పురవ్వ

మా తండ్రిగారి బుల్లెట్టు మోటారు సైకిలు 1968లో, నాటి మదరాసు చెంతనున్న తిరువొత్తియూరున తయారైనది. దానిలో 'పాయింట్లు' అను జంట లోహపు బిళ్ళలు విడివడిన క్షణమున ప్లగ్గుయందు నిప్పురవ్వ పుట్టును. అవి అరిగినకొలది రవ్వ వేళ తప్పును. అందుచే మేమన్నదమ్ములము ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరమునకు అప్పగింపదలచితిమి.

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను. రెండు చుట్లకొక రవ్వ చాలును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 25 రవ్వలు కావలయును. పాయింట్లను తెరచు ఇరుసు కొనకు చిన్న అయస్కాంతమును బిగించి, చెంత హాల్ సెన్సారును నిలిపితిమి. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన ధర్మమే దీనికాధారము. సెన్సారు గురుతు నందుకొని, చిప్పు రవ్వ వేళను లెక్కించును. వేగము హెచ్చినకొలది రవ్వ ముందుగా పడవలెను. పూర్వము ఆ పని తిరుగుడు బరువులు చేసెడివి.

తొలుత మేమొక పొరపాటు చేసితిమి. మందవేగమున సైతము రవ్వను ముందునకు జరిపితిమి. కిక్కు కొట్టగనే ఇంజను ఎదురు తిరిగి, మాలో చిన్నవాని కాలిని తన్నినది. నెలనాళ్ళు కుంటెను. పిమ్మట ఇంజను వేగమందుకొనువరకు రవ్వ ముందునకు జరుగకుండ కట్టడి చేసితిమి. రవ్వ రేపు విద్యుత్ అలజడి చిప్పును కలవరపెట్టకుండ ప్లగ్గు టోపీలో నిరోధకమును చేర్చితిమి. సెన్సారు తీగెలకు లోహపు తొడుగు వేసితిమి.

పాత భాగమొక్కటియు కోయలేదు. ఆ పాయింట్లు నేటికిని పనిముట్ల పెట్టెలోనే యున్నవి. దారిలో చిప్పు మొరాయించినచో అవియే మమ్ము ఇల్లు చేర్చును. పెద్దలిచ్చిన యంత్రమునకు క్రొత్త తెలివి నేర్పదలచువారు, ముందుగా పాతదానిని పదిలపరుపుడు.