కొండ దిగే విశ్వాసం



గలిలయలో, యెజ్రెయేలు లోయ అంచున తాబోరు కొండ ఉన్నది. ఎత్తు 600 మీటర్లైనా లేదు, కాలినడకన ఎక్కగలము. చుట్టూ పొలాలు. న్యాయాధిపతులు 4వ అధ్యాయంలో బారాకు 10,000 మందితో ఈ కొండ ఎక్కాడు. సీసెరాకు 900 ఇనుప రథాలున్నాయి. రథాలు కొండ ఎక్కలేవు, పైనున్నంతసేపు క్షేమమే. కాని దెబోరా లెమ్మన్నది. యెహోవా ముందుగా బయలుదేరాడని చెప్పింది. బారాకు దిగాడు. జయం శిఖరం మీద కాదు, క్రింద కలిగింది.

ప్రియులారా, ఉపవాస ప్రార్థనకు మీరు కొండ ఎక్కుతారు, మంచిదే. అయితే తీర్చవలసిన అప్పు, మాటలు మానేసిన అన్నదమ్ముడు, ఆసుపత్రిలో ఉన్న బిడ్డ క్రిందనే ఉన్నారు. ప్రభువు మీకంటె ముందుగా అక్కడికే వెళ్లాడు. ధైర్యముగా దిగి వెళ్లండి. ఆమేన్.